ఫ్లాష్ చిప్‌కు ఏ ప్రోగ్రామర్ కొనాలి? చిప్ చూశాకే డబ్బు తీయండి

బయోస్ (కంప్యూటర్‌ను లేపే మూల సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ మధ్యలో కరెంటు పోయి ల్యాప్‌టాప్ మూగబోయినా, వేరే ఫర్మ్‌వేర్ ఎక్కించబోయి రౌటర్ మళ్లీ లేవకపోయినా, చివరికి చేయాల్సిన పని ఒకటే. బోర్డు మీదున్న ఎనిమిది కాళ్ల చిన్న ఫ్లాష్ చిప్‌లోకి బయటి నుంచి సాఫ్ట్‌వేర్ రాయాలి. అలా రాసే పరికరాన్నే ప్రోగ్రామర్ అంటారు. బెంగళూరులో ఉన్నవాళ్లకు ఈ పనికి కావాల్సిన సరుకంతా ఎలక్ట్రానిక్స్ బజారైన ఎస్‌పీ రోడ్డులో దొరుకుతుంది. చిక్కల్లా ఏమిటంటే, "బయోస్ ప్రోగ్రామర్ కావాలి" అని ఏ భాషలో అడిగినా ఎక్కువ షాపుల్లో చేతికొచ్చేది ఒక్కటే: సీహెచ్341ఏ అనే నల్ల బోర్డు. చవక, చిన్నది, పనీ చేస్తుంది. కానీ అందరి పనికీ సరిపోదు. కొందరి పనికి హాని కూడా చేస్తుంది.

ప్రోగ్రామర్‌ను ధర చూసో, పెట్టె మీద వేసిన "సపోర్టెడ్ చిప్స్" లెక్క చూసో ఎంచుకోకండి. మీ చిప్ ఎన్ని వోల్టులది? దాన్ని బోర్డు మీదే క్లిప్‌తో పట్టుకుంటారా, ఊడదీస్తారా? ఈ రెండింటికీ జవాబు తెలిస్తే ఏది కొనాలో దాదాపు తేలిపోతుంది.

ముందు ఖర్చు లేని దారి

ప్రోగ్రామర్ జోలికి వెళ్లేముందు కంపెనీ ఇచ్చిన రికవరీ పద్ధతి ఒకసారి ప్రయత్నించండి. హెచ్‌పీ ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి విండోస్ కీ, బి కలిపి నొక్కి పట్టుకుని పవర్ బటన్ నొక్కే పద్ధతి ఉంది. డెల్‌లో అయితే కంట్రోల్, ఎస్కేప్ కలిపి నొక్కాలి. డెస్క్‌టాప్ మదర్‌బోర్డులకు ఏసస్‌లో బయోస్ ఫ్లాష్‌బ్యాక్, గిగాబైట్‌లో క్యూ-ఫ్లాష్ ప్లస్, ఎంఎస్ఐలో ఫ్లాష్ బయోస్ బటన్ అని ఉంటాయి. బటన్ ఉన్న మోడల్ అయితే ప్రాసెసర్ లేకుండానే పెన్‌డ్రైవ్‌లోంచి బయోస్ రాసుకుంటుంది. ఇవేవీ పనిచేయకపోతేనే స్క్రూడ్రైవర్ తీయండి.

చిప్ మీద ఏం రాసి ఉంది?

ఫోన్ కెమెరా జూమ్ చేసి, పక్కనుంచి టార్చ్ వేస్తే అక్షరాలు కనిపిస్తాయి. మొదట నంబర్‌లో 24 ఉందా 25 ఉందా అన్నది చూడండి. 24సీ02 లాంటివి ఐ2సీ ఈఈప్రామ్‌లు, అంటే చిన్న మెమరీ చిప్‌లు. 25 అని ఉంటే ఎస్‌పీఐ ఫ్లాష్ (ఐ2సీ, ఎస్‌పీఐ రెండూ చిప్‌తో మాట్లాడే పద్ధతులు). బయోస్, రౌటర్ చిప్‌లు ఎక్కువగా ఈ రకమే. తర్వాత వచ్చే 64, 128 మెగాబిట్‌లలో చెప్పే లెక్క. కాబట్టి 25క్యూ64 అంటే 8 ఎంబీ, 25క్యూ128 అంటే 16 ఎంబీ. షాపులో కుర్రాడు "64 ఎంబీ చిప్" అంటే కంగారు పడకండి, అక్కడ అందరూ అలాగే అంటారు.

అసలు సంగతి ఆ తర్వాతి అక్షరంలో ఉంటుంది. విన్‌బాండ్ చిప్‌లలో 25క్యూ64 తర్వాత ఎఫ్‌వీ, జేవీ అని ఉంటే అది 3.3 వోల్టుల రకం. దాని పని పరిధి 2.7 నుంచి 3.6 వోల్టులు. ఎఫ్‌డబ్ల్యూ, జేడబ్ల్యూ అని ఉంటే 1.8 వోల్టులది. మ్యాక్రోనిక్స్‌లో ఎంఎక్స్25ఎల్ అంటే 3.3, ఎంఎక్స్25యూ అంటే 1.8. గిగాడివైస్‌లో జీడీ25క్యూ 3.3 రకం, జీడీ25ఎల్‌క్యూ 1.8 రకం. ఒక్క అక్షరం తేడా. 1.8 చిప్‌కు నేరుగా 3.3 ఇస్తే అది వేడెక్కి చచ్చిపోవచ్చు. అదృష్టం బాగుండి బతికినా, ఆ లైన్లు వెళ్లి కలిసే చిప్‌సెట్ (బోర్డును నడిపే ప్రధాన చిప్) సంగతి ఎవరికి తెలుసు?

అక్షరాలు చెరిగిపోయి చదవలేకపోతే ఊహించకండి. అదే మోడల్ బోర్డు స్కీమాటిక్‌లో (సర్క్యూట్ పటంలో) ఆ చిప్‌కు వచ్చే సరఫరా ఎంతో చూడండి. లేదంటే మెషిన్ ఆన్‌లో ఉన్నప్పుడు చిప్ 4వ కాలికీ 8వ కాలికీ మధ్య మల్టీమీటర్ పెట్టి కొలవండి. 4 గ్రౌండ్, 8 సరఫరా. చుక్క ఉన్న మూల 1వ కాలు, అక్కడి నుంచి గడియారం ముల్లుకు ఎదురుగా లెక్కపెట్టాలి. కొలిచేటప్పుడు ప్రోబ్ జారి పక్క కాలికి తగలకుండా చూసుకోండి.

నల్ల బోర్డు గురించి నిజం

దీనికి హృదయం చైనా కంపెనీ డబ్ల్యూసీహెచ్ తయారుచేసే సీహెచ్341ఏ చిప్. యూఎస్‌బీ నుంచి సీరియల్, ప్యారలల్, ఐ2సీ, ఎస్‌పీఐగా మార్చే బహురూపి అది. ప్రోగ్రామర్ పని కోసమే పుట్టింది కాదు. బోర్డు మీద ఒక రెగ్యులేటర్ ఉండి, సాకెట్‌లోని ఫ్లాష్ చిప్‌కు సరిగ్గా 3.3 వోల్టులే ఇస్తుంది. కానీ సీహెచ్341ఏకు మాత్రం యూఎస్‌బీలోని 5 వోల్టులు నేరుగా వెళ్తాయి. అందుకే డేటా, క్లాక్, చిప్ సెలెక్ట్ లైన్లు 5 వోల్టుల దరిదాపుల్లో ఆడతాయి. విన్‌బాండ్ డేటాషీట్‌లో ఏ కాలి మీదైనా సరఫరా కన్నా 0.4 వోల్టులకు మించి ఉండకూడదని రాసి ఉంటుంది. అంటే 3.3 సరఫరా ఉన్నప్పుడు పరిమితి 3.7. మన నల్ల బోర్డు దాన్ని దర్జాగా దాటేస్తుంది.

"మేము ఏళ్ల తరబడి ఇదే వాడుతున్నాం, ఒక్క చిప్పూ పోలేదు" అనే రిపేర్ అన్నలు చాలామంది దొరుకుతారు. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. ఊడదీసి సాకెట్‌లో పెట్టిన 3.3 చిప్‌లు ఎక్కువ శాతం తట్టుకుంటాయి. కానీ క్లిప్ వేసి బోర్డు మీదే రాస్తే ఆ 5 వోల్టులు చిప్ దగ్గర ఆగవు. అవే తీగల మీద ఉన్న చిప్‌సెట్‌కూ వెళ్తాయి. ఫ్లాష్ చిప్ పోతే కొత్తది వేసుకోవచ్చు. చిప్‌సెట్ పోతే బోర్డే మార్చాలి. అందుకని నా మాట ఇది: మార్పు చేయని నల్ల బోర్డును ఊడదీసిన 3.3 చిప్‌లకు వాడితే వాడండి, క్లిప్‌తో మాత్రం వద్దు.

మీ చేతికొచ్చిన బోర్డు ఎలాంటిదో తెలుసుకోవడం కష్టం కాదు. సాకెట్ ఖాళీగా ఉంచి యూఎస్‌బీకి తగిలించండి. గ్రౌండ్‌కూ చిప్ సెలెక్ట్, డేటా, క్లాక్ కాళ్లకూ మధ్య మల్టీమీటర్ పెట్టండి. 3.3 దగ్గర చూపిస్తే సరే, 5 దగ్గర చూపిస్తే పాత కథే. పచ్చ బోర్డులు, వోల్టేజ్ మార్చుకునే స్విచ్ ఉన్న రకాలు కూడా వచ్చాయి. "ఇది కొత్త వెర్షన్ సార్" అన్నంత మాత్రాన నమ్మకుండా వాటినీ ఇలాగే కొలవండి. రంగు చూసి తీర్పు చెప్పడానికి లేదు.

సోల్డరింగ్ చేయి తిరిగినవాళ్లయితే దీన్ని సరిచేసుకోవచ్చు. సీహెచ్341ఏ చిప్ 28వ కాలును ప్యాడ్ నుంచి పైకి లేపి, 5 వోల్టులకు బదులు రెగ్యులేటర్ ఇచ్చే 3.3కు సన్నటి తీగతో కలపాలి. 9వ కాలు కూడా అదే 3.3కు కలపాలి. ఆ తర్వాత సిగ్నల్ లైన్లు కూడా 3.3కు దిగుతాయి. కాళ్లు చాలా దగ్గరగా ఉంటాయి, కొత్తగా నేర్చుకునేవాళ్లు దీనితో మొదలుపెట్టకూడదు. పని అయ్యాక మళ్లీ కొలవకుండా ఏ చిప్పూ పెట్టకండి.

దాని బదులు ఏముంది?

ఇంట్లో రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డు ఉంటే కొత్తగా ఏమీ కొనక్కర్లేదు. దాని జీపీఐఓ కాళ్లు పుట్టుకతోనే 3.3 వోల్టులవి. 19, 21, 23, 24 కాళ్లు ఎస్‌పీఐ, 17 నుంచి 3.3 సరఫరా, 25 గ్రౌండ్. ఎస్‌పీఐ ఆన్ చేసి, ఫ్లాష్‌రామ్ అనే చిప్ చదివి రాసే సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేసుకుంటే చాలు. తీగలు జానెడు కన్నా పొడవు కాకూడదు. పొడవు పెరిగితే రీడింగ్‌లో తప్పులొస్తాయి, అప్పుడు స్పీడ్ తగ్గించాలి.

రాస్ప్‌బెర్రీ పై లేనివాళ్లకు నేను ముందుగా చెప్పేది రాస్ప్‌బెర్రీ పై వాళ్లదే పికో. 2021లో వచ్చిన ఈ చిన్న బోర్డు సీహెచ్341ఏ ధరకు అటూ ఇటూగానే దొరుకుతుంది. బూట్‌సెల్ బటన్ నొక్కి పట్టుకుని యూఎస్‌బీకి తగిలిస్తే పెన్‌డ్రైవ్‌లా కనిపిస్తుంది. అందులోకి పికో-సెర్‌ప్రోగ్ ఫైల్ లాగి వేస్తే ప్రోగ్రామర్ అయిపోతుంది. సిగ్నల్‌లన్నీ 3.3 వోల్టులే. 36వ కాలు నుంచి వచ్చే 3.3 సరఫరా మీద 300 మిల్లీ ఆంపియర్లకు మించి భారం వేయొద్దని డేటాషీట్ చెబుతుంది. ఒక్క చిప్‌కు అది బోలెడు. ఏ కాలు ఏ సిగ్నల్ అన్నది వెర్షన్‌ను బట్టి మారుతుంది కాబట్టి ఆ ఫైల్‌తో ఇచ్చిన వివరణ చదవాలి. మరచిపోయేది ఇంకొకటి ఉంది: చిప్‌లో 3వ కాలు (రైట్ ప్రొటెక్ట్), 7వ కాలు (హోల్డ్) రెండింటినీ 3.3కు కలపాలి. వాటిని గాలికి వదిలేస్తే ఒకసారి చదువుతుంది, ఇంకోసారి చదవదు. దీని లోటు ఏమిటంటే సాకెట్ ఉండదు, తీగలు మనమే కలుపుకోవాలి, సాఫ్ట్‌వేర్ కమాండ్ లైన్‌లో నడుస్తుంది. ఆఫీసులో రోజంతా టెర్మినల్ ముందు కూర్చునే మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ జనానికి అదేమీ సమస్య కాదనుకుంటాను.

డబ్ల్యూసీహెచ్ వాళ్లదే సీహెచ్347 అనే కొత్త చిప్‌తో బోర్డులు వస్తున్నాయి. ఇది 3.3 వోల్టుల మీద నడుస్తుంది, యూఎస్‌బీ హైస్పీడ్ కాబట్టి 16 ఎంబీ, 32 ఎంబీ చిప్‌లు చదవడం బాగా త్వరగా అయిపోతుంది. రోజూ ఇదే పని చేసేవాళ్లకు ఆ తేడా విలువైనది. ఏడాదికోసారి చేసేవాళ్లకు రెండు నిమిషాలు ఎక్కువైతే మాత్రం ఏమైంది? ఎఫ్‌టీ232హెచ్ మాడ్యూల్ కూడా మంచిదే. దానిది 3.3 లాజిక్, ఫ్లాష్‌రామ్ దాన్ని గుర్తిస్తుంది, కాకపోతే ఈ ఒక్క పని కోసమే అయితే దాని ధర ఎక్కువ.

ఇక పెద్ద ప్రోగ్రామర్లు. ఎక్స్‌గెక్యూ వాళ్ల టీఎల్866 వరుస, దాని తర్వాత వచ్చిన టీ48 వేల రూపాయల లెక్క. వీటి బలం ఎస్‌పీఐ ఫ్లాష్ కాదు. 27సీ256 లాంటి పాత ఈప్రామ్‌లకు 12 వోల్టులకు పైగా ప్రోగ్రామింగ్ వోల్టేజ్ కావాలి, అది సీహెచ్341ఏ, పికో రెండూ ఇవ్వలేవు. పిక్, ఏవీఆర్ మైక్రోకంట్రోలర్లు, గ్యాల్ చిప్‌లు, కాలు సరిగా ఆనిందో లేదో ముందే పరీక్షించడం, ఎక్కువ కరెంటు లాగితే ఆపేయడం, ఇవన్నీ వాటిలో ఉంటాయి. పాత యంత్రాల కంట్రోల్ బోర్డులు బాగుచేసే పీణ్య వైపు వాళ్లకు ఇది సరైన ఖర్చు. ఒక్క ల్యాప్‌టాప్ కోసం కొంటే మాత్రం డబ్బు దండగ. టీవీ రిపేర్ షాపుల్లో కనిపించే ఆర్‌టీ809 రకాల సంగతీ అంతే. ఈఎంఎంసీ, న్యాండ్ లాంటి పెద్ద మెమరీ చిప్‌లు రోజూ వచ్చేచోట 809హెచ్ ఉపయోగం, ఇంట్లో దానికి పనుండదు.

క్లిప్, సాకెట్, ఊడదీయడం

ప్రోగ్రామర్ గురించి గంటలు ఆలోచించి, క్లిప్ దగ్గర అన్నిటికన్నా చవకది తీసుకునేవాళ్లు చాలామంది. నా లెక్కలో ఇది తలకిందులు. "చిప్ నాట్ ఫౌండ్" అని వచ్చే సందర్భాల్లో ఎక్కువ భాగం క్లిప్ సరిగా పట్టుకోకపోవడం వల్లే. ప్రోగ్రామర్‌తో పాటు వచ్చే క్లిప్ స్ప్రింగ్ త్వరగా వదులైపోతుంది, పళ్లు వంగిపోతాయి. పొమోనా 5250 లాంటి మంచి క్లిప్ ప్రోగ్రామర్ కన్నా ఖరీదు. అయినా పదే పదే చేసేవాళ్లకు అదే సరైనది. ఒక్కసారి పనికి చవక క్లిప్ చాలు, కానీ ముందు చిప్ కాళ్లను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఎర్ర తీగ చుక్క ఉన్న 1వ కాలి వైపు ఉందని రెండుసార్లు చూసుకోండి. తిరగేసి పెడితే సరఫరా తప్పు కాలికి వెళ్తుంది.

క్లిప్ వేసేముందు ఛార్జర్ తీసేయాలి, బ్యాటరీ విప్పేయాలి, గుండ్రటి సీమాస్ బ్యాటరీ కూడా తీయాలి, ఆపైన పవర్ బటన్ కాసేపు నొక్కి పట్టుకోవాలి. రెండు వైపుల నుంచి సరఫరా కలవకూడదు. క్లిప్ పెట్టాకే ప్రోగ్రామర్‌ను యూఎస్‌బీకి తగిలించండి, తీసేటప్పుడు ముందు యూఎస్‌బీ తీయండి.

కొన్ని బోర్డుల్లో ఎంత జాగ్రత్తగా పెట్టినా క్లిప్‌తో పని కాదు. చిప్‌కు ఇచ్చే 3.3 అదే లైన్ మీదున్న మిగతా భాగాలకూ పోయి వోల్టేజ్ పడిపోతుంది. క్లిప్ పెట్టి ఉండగానే 8వ కాలి మీద కొలిస్తే అది తెలుస్తుంది. 2.7 కిందికి పడిపోతుంటే ఇక మొండిపట్టు వద్దు, ఊడదీయించండి. చిప్ కాళ్లు బయటికి లేకుండా అడుగున దాగి ఉండే డబ్ల్యూసన్ రకానికీ క్లిప్ పట్టదు. హాట్ ఎయిర్ స్టేషన్ (వేడి గాలితో చిప్ ఊడదీసే పరికరం) లేనివాళ్లు ఈ ఒక్క పనీ మొబైల్ రిపేర్ చేసే చేతికి అప్పగించడం మంచిది. చిప్ ఊడదీసి మళ్లీ పెట్టడం వాళ్లకు కాసేపటి పని. రాయడం మాత్రం ఇంటికొచ్చి మీరే చేసుకోండి, ఎందుకంటే బ్యాకప్ మీ దగ్గర ఉండాలి.

1.8 వోల్టుల చిప్‌కు సీహెచ్341ఏ మీద పెట్టే చిన్న అడాప్టర్ బోర్డు దొరుకుతుంది. అది సరఫరాను, సిగ్నల్‌లను 1.8కు దించుతుంది. ఊడదీసిన చిప్‌తో ఇది బాగానే పనిచేస్తుంది. క్లిప్‌తో కలిపితే మాత్రం మొరాయించడం ఎక్కువ. 1.8 చిప్ ఉన్నవాళ్లు మొదటి నుంచే ఊడదీయడానికి సిద్ధపడితే టెన్షన్ తక్కువ.

సాఫ్ట్‌వేర్

లైనక్స్ వాడేవాళ్లకు ఫ్లాష్‌రామ్, లేదా బొమ్మల తెర (మౌస్‌తో నొక్కి నడిపేది) కావాలంటే ఐఎంఎస్‌ప్రోగ్. విండోస్‌లో యాస్‌ప్రోగ్రామర్, నియోప్రోగ్రామర్ ఎక్కువ మంది వాడతారు. విండోస్‌లోనే ఫ్లాష్‌రామ్ నడపాలంటే జాడిగ్ అనే టూల్‌తో డ్రైవర్ మార్చాలి, మార్చాక యాస్‌ప్రోగ్రామర్ ఆ బోర్డును గుర్తించదు, ఇది గుర్తుంచుకోండి. ఎక్కడెక్కడి జిప్ ఫైళ్లలోనో వచ్చే "ఫుల్ వెర్షన్"లు ఆఫీసు ల్యాప్‌టాప్‌లో తెరవకండి. సోర్స్ బహిరంగంగా ఉన్నవాటినే ఎంచుకోండి.

ఏ సాఫ్ట్‌వేర్ అయినా మొదట చిప్ ఐడీ చదువుతుంది. విన్‌బాండ్ 3.3 రకం 8 ఎంబీ చిప్ సాధారణంగా ఈఎఫ్ 40 17 అని చెబుతుంది, 16 ఎంబీది ఈఎఫ్ 40 18. మధ్యలో 40 బదులు 60 కనిపిస్తే అది 1.8 రకం, వెంటనే ఆపండి. అన్నీ ఎఫ్‌ఎఫ్ లేదా అన్నీ 00 వస్తే కాళ్లు ఆనలేదని అర్థం. అప్పుడు చిప్ పేరు చేత్తో ఎంచుకుని ముందుకెళ్లడం అనే ప్రలోభానికి లొంగకండి. ఐడీ చదవలేని కనెక్షన్‌తో రాసింది ఏదీ నిలబడదు.

ఆ తర్వాత చదవడం. ఒకసారి చదివి ఫైల్ దాచండి, క్లిప్ తీసి మళ్లీ పెట్టి ఇంకోసారి చదవండి, రెండు ఫైళ్ల షా256 (ఫైల్‌కు వేలిముద్ర లాంటి సంఖ్య) పోల్చండి. ఒకేలా రాకపోతే రాయడం మొదలుపెట్టకూడదు. ఒకేలా వచ్చినా లోపల ఏముందో చూడాలి, ఎందుకంటే ఖాళీ ఎఫ్‌ఎఫ్‌లు కూడా రెండుసార్లూ ఒకేలా వస్తాయి. ఇంటెల్ ల్యాప్‌టాప్ బయోస్ అయితే హెక్స్ ఎడిటర్‌లో తెరిచి 16 బైట్లు దాటాక చూడండి: 5ఏ ఏ5 ఎఫ్0 0ఎఫ్ అని ఉండాలి. బయోస్ ఫైళ్లు విప్పి చూపే యూఈఎఫ్ఐటూల్‌లో ఫైల్ సరిగ్గా తెరుచుకుంటే ఇంకా నిశ్చింత. థింక్‌ప్యాడ్ ఎక్స్230 లాంటి వాటిలో 8 ఎంబీ, 4 ఎంబీ రెండు చిప్‌లు ఉంటాయి. అలాంటి వాటిలో మొదటి చిప్‌లో ఉండే ఆ గుర్తు రెండో దాంట్లో కనిపించదు, గాభరా పడకండి.

పాడైన బయోస్ అయినా సరే, ఆ బ్యాకప్ పారేయకూడదు. మీ మెషిన్ సీరియల్ నంబర్, నెట్‌వర్క్ మ్యాక్ అడ్రస్, విండోస్ కీ లాంటివి అందులో ఉండే అవకాశం ఎక్కువ. కంపెనీ సైట్ నుంచి దింపిన ఫైల్‌ను యథాతథంగా చిప్‌లోకి రాయడం ఇంకో పొరపాటు. ఏసస్ క్యాప్ ఫైళ్ల మొదట్లో 2048 బైట్ల హెడర్ ఉంటుంది, దాన్ని తీసేయాలి. ఫైల్ సైజు చిప్ సైజుతో బైటు తేడా లేకుండా సరిపోకపోతే అది చిప్‌కు రాసే ఫైల్ కాదు. రౌటర్ల విషయంలో ఇది మరీ ముఖ్యం. ఏథరోస్ చిప్ ఉన్న చాలా టీపీ-లింక్ రౌటర్లలో చివరి 64 కేబీలో వైఫై క్యాలిబ్రేషన్ డేటా ఉంటుంది, అది ఒక్కో యూనిట్‌కు వేరు. ఎవరిదో డంప్ (చిప్ మొత్తం నకలు) పూర్తిగా రాసేస్తే రౌటర్ లేస్తుంది, కానీ వైఫై సిగ్నల్ నీరసిస్తుంది.

డిస్క్‌కు బిట్‌లాకర్ (విండోస్ వేసే తాళం) ఉంటే రికవరీ కీ ముందే రాసిపెట్టుకోండి. బయోస్ మారాక విండోస్ దాన్ని అడిగే అవకాశం ఉంది.

ఇంతకీ ఎవరికి ఏది?

3.3 చిప్, ఒక్కసారి పని, కమాండ్ లైన్ భయం లేదు: పికో, ఓ మోస్తరు క్లిప్. 3.3 చిప్, బొమ్మల తెర సాఫ్ట్‌వేరే కావాలి: కొలిచి చూసి 3.3 అని తేలిన సీహెచ్341ఏ లేదా సీహెచ్347. 1.8 చిప్ అయితే సీహెచ్341ఏ, దానికి 1.8 అడాప్టర్, చిప్ ఊడదీయించే ఖర్చు. నెలకు పదిపదిహేను బోర్డులు చేతికొచ్చేవాళ్లకు సీహెచ్347, మంచి క్లిప్, సొంత హాట్ ఎయిర్. పాత ఈప్రామ్‌లు, మైక్రోకంట్రోలర్లు కూడా చేయాలంటే టీ48.

ఎస్‌పీ రోడ్డుకు చిక్‌పేట మెట్రో దగ్గర. ఆదివారం ఎక్కువ షాపులు మూసే ఉంటాయి, శనివారం పొద్దున వెళ్లండి. మల్టీమీటర్ వెంట తీసుకెళ్లి, కొనే ముందు పవర్ బ్యాంక్‌కు తగిలించి కౌంటర్ మీదే కొలవనివ్వమని అడగండి. ఒప్పుకోని షాపు పక్కనే ఒప్పుకునే షాపు ఉంటుంది. మీ చిప్ నంబర్‌తో సరిపోయే కొత్త చిప్ కూడా ఒకటి తెచ్చుకోండి, చవకే. పైన అక్షరాలు మార్చి ముద్రించినవీ తిరుగుతుంటాయి కాబట్టి ఇంటికి రాగానే ఐడీ చదివి చూడండి. ముందుగా ఆ కొత్త చిప్‌లో రాసి, చదివి, సరిపోల్చుకోండి. ఆ తర్వాతే అసలు చిప్ ముట్టుకోండి.